గుమ్మం దాకా వచ్చిన అడుగులు

సినిమావాళ్ళు ఆమెను అడుగులక్క అనేవారు. తెరమీద హీరో నడుస్తుంటే హాల్లో వినపడే అడుగులు చాలా సినిమాల్లో ఆమెవే. మెట్లెక్కే దొంగ, వరండాలో పచార్లు చేసే జడ్జి, పెళ్ళిపీటల మీంచి లేచి పారిపోయే పిల్ల, అందరికీ ఆమే నడిచింది. షూటింగులో పట్టిన శబ్దంలో జనరేటర్ రొద, లైటువాళ్ళ కేకలు, దూరాన కుక్కల అరుపులు కలగాపులగంగా ఉంటాయి. అందుకని మాటలు మాత్రం ఉంచి, మిగిలిన చప్పుళ్ళన్నీ సౌండ్ థియేటర్లో బొమ్మ చూస్తూ కొత్తగా పుట్టిస్తారు. ఆ పనికి ఎఫెక్ట్స్ అని పేరు. ఆమె ముప్పై ఏళ్ళుగా అదే చేస్తోంది.

ఒకసారి పక్కింటావిడ, "సినిమాల్లో మీరేం చేస్తారండీ?" అని అడిగింది.

"నడుస్తానండీ."

"ఏ సినిమాలో కనపడతారు?"

"ఎందులోనూ కనపడను."

పక్కింటావిడ ఆ మాటలకు తనకు తోచిన అర్థం తీసుకుని, ఈవిడ స్టూడియోలో గదులు ఊడుస్తుందని వీధంతా చెప్పింది. అడుగులక్క దిద్దలేదు. దిద్దాలంటే చాలాసేపు చెప్పాలి.

ఆమె భర్త లేత్ మిషన్ మీద పనిచేసి చేసి సగం చెవుడు తెచ్చుకున్నవాడు. ఇంటికి ఎవరైనా వస్తే, "మా ఇంట్లో వినికిడంతా ఆవిడ వాటాకు పోయింది. నాకు మిగిలింది కేకలే" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. ఆయనతో ఏ మాట చెప్పాలన్నా గొంతెత్తి చెప్పాలి. అందువల్ల ఆ ఇంట్లో రహస్యాలు లేవు. ఉన్నవేవో ఆమె ఒక్కదాని కడుపులోనే ఉండేవి.

థియేటర్లో ఆమె పనిచేసే గది నేల గళ్ళుగళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో ఇసుక, ఒక గడిలో కంకర, ఒకదాంట్లో చెక్కపలక, ఒకదాంట్లో నాపరాయి, ఒకదాంట్లో ఎండుటాకులు. గోడవారన చెప్పులు, బూట్లు, తలుపు గొళ్ళేలు, విరిగిన కుర్చీలు. ఎదురుగా తెర. అద్దం వెనక సౌండ్ ఇంజనీరు. తెరమీద మనిషి కాలు ఎత్తగానే ఆమె కాలు ఎత్తాలి, వాడు దింపగానే దింపాలి. లావుపాటి మనిషైతే మడమ మీద బరువు మోపాలి. అబద్ధం చెప్పి వస్తున్నవాడైతే అడుగు పూర్తిగా ఆనకుండానే తీసేయాలి. ఇది ఎవరూ నేర్పింది కాదు.

నేర్పిన మాట ఒకటుంది. పనిలో చేరిన మొదటిరోజు ముసలి ఇంజనీరు ఆమెను తలుపు దగ్గర ఆపి చెప్పాడు. "చూడమ్మా, ఇక్కడికి వచ్చేవి ఇంకా లోకం చూడని సినిమాలు. లోపల ఏం చూశావో బయట ఎవరికీ చెప్పకూడదు. కట్టుకున్నవాడికి కూడా. పొక్కితే నీ పని పోవడం అలా ఉంచు, నన్ను నమ్మి ఇచ్చినవాడి కొంప మునుగుతుంది." అప్పటినుంచి ఆమె ఆ మాట మీదే ఉంది. ఎవరి సినిమాలో ఎవరు చచ్చిపోతారో, ఏ హీరోయిన్ ఎవరిని పెళ్ళాడుతుందో అన్నీ ముందే తెలిసి కూడా, విడుదలైన రోజున పక్కింటివాళ్ళు కథ చెబుతుంటే "అయ్యో, అలాగా!" అనేది.

ఇప్పుడు ఆమె తమ్ముడి సంగతి చెప్పాలి.

వాళ్ళ నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయేనాటికి తమ్ముడు చంకలో పిల్లాడు. ఆమెకు తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ పనికి వెళ్ళింది. ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని చెప్పి వెళ్ళడంతో ఆమె లోపల గడియ పెట్టుకుని, తమ్ముణ్ణి పడుకోబెడుతోంది. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. కుడికాలు నిండుగా పడుతుంది. ఎడమకాలు పాదం బయటి అంచు మీద పడి, కాస్త ఈడ్చుకుని లేస్తుంది. ఎప్పుడో బస్తాల కింద పడి నలిగిన కాలు అది. ఆ నడక ఈ లోకంలో ఒక్కడిదే. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. ఆగాయి. ఆమె ఊపిరి బిగబట్టి, తలుపు కొడతాడని చూసింది. కొట్టలేదు. చాలాసేపటికి ఎడమ మడమ నేలమీద తిరిగిన చప్పుడయింది. అడుగులు మెట్లు దిగిపోయాయి. ఆయన మళ్ళీ రాలేదు.

తమ్ముడికి ఊహ తెలిశాక నాన్న గురించి అడిగేవాడు. ఇంట్లో ఫోటో లేదు. చెప్పడానికి ఆమె దగ్గరా పెద్దగా ఏమీ లేదు. అందుకని వంటింట్లో నడిచి చూపించేది. "ఇదిగో, నాన్న ఇలా నడిచేవాడు." వాడు గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంకోసారి అక్కా, తలుపు దగ్గర ఆగింది కూడా" అనేవాడు. కొన్నాళ్ళకు అమ్మ కూడా పోయింది. వాణ్ణి ఆమే పెంచింది. వాడికి తండ్రి అంటే అక్క కాళ్ళు చేసే చప్పుడే.

వాడు పెద్దయి సినిమాల్లో చేరాడు. ఒకరి దగ్గర కాకపోతే ఒకరి దగ్గర అసిస్టెంటుగా ఏళ్ళకేళ్ళు గడిపాడు. వాడి జేబులో కథ ఒక్కటే. రంపపు మిల్లులో పనిచేసే ఒక తండ్రి గొడవపడి ఇల్లు వదిలిపోతాడు. ముసలితనంలో కూతుర్ని వెతుక్కుంటూ కాలినడకన బయలుదేరతాడు. చివరికి ఆ ఇల్లు దొరుకుతుంది. గుమ్మం దాకా వెళ్ళి, లోపల కూతురు పిల్లలకు అన్నం పెడుతున్న చప్పుడు విని, తలుపు కొట్టకుండా వెనక్కి తిరుగుతాడు. ఆ కథ వాడు ఎన్ని ఆఫీసుల్లో చెప్పాడో వాడికే లెక్క లేదు. కొందరు బావుందన్నారు. కొందరు టీ ఇప్పించి పంపారు. చివరికి ఒక చిన్న నిర్మాత ఒప్పుకున్నాడు. తమ్ముడు షూటింగ్ ముగించుకుని ఎడిటింగ్‌లో ఉన్నాడు.

అదే సమయంలో ఒక పెద్ద కంపెనీ సినిమా ఎఫెక్ట్స్‌కి వచ్చింది.

ఆ కంపెనీవాళ్ళు మహా గుట్టు మనుషులు. ఫోన్లన్నీ బయటే పెట్టించారు. సినిమా పేరు కూడా చెప్పలేదు. రీళ్ళు వరసగా కాకుండా ముందొకటి వెనకొకటి తెచ్చారు. అడుగులక్కకు తెలిసిందల్లా ఒక ముసలి లారీ డ్రైవరు ఎక్కడెక్కడో తిరుగుతున్నాడని. ఆమె ఆయనకు కంకర మీద నడిచింది, బురదలో నడిచింది, హోటల్ గచ్చు మీద నడిచింది. ఆ తర్వాత ఆఖరి రీలు వేశారు.

డ్రైవరు ఒక ఇంటి మెట్లెక్కుతున్నాడు. అతని ఎడమ మోకాలికి ఏదో దెబ్బ తగిలినట్టుంది, కాలు సరిగ్గా వంగడం లేదు. గుమ్మం ముందు ఆగాడు. లోపల ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తోంది. అతను చెయ్యి ఎత్తాడు, దించాడు. తిరిగాడు. మెట్లు దిగాడు.

రీలు అయిపోయి గదిలో లైటు వెలిగేదాకా అడుగులక్కకు తెలియలేదు, తాను ఏ నడక నడిచిందో.

అద్దం వెనకనుంచి ఇంజనీరు మైకులో, "అక్కా, ఇదేం నడకక్కా? నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇది ఉంచేస్తున్నా" అన్నాడు. ఇతను ఆ ముసలి ఇంజనీరు తర్వాత వచ్చినవాడు, వయసులో ఆమెకన్నా చిన్నవాడు.

"ఇంకొక టేక్ చేద్దాం బాబూ."

"ఎందుకు? ఎక్కడా పొల్లు పోలేదు."

"కాదు, ఇంకోలా చేస్తాను. బాగుంటుంది."

"ఇంతకన్నానా! ఆయన ఒప్పుకుంటే చూద్దాం."

వెనక కుర్చీలో ఆ సినిమా డైరెక్టరు తలవంచుకుని కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని, "వద్దమ్మా, ఉండనివ్వండి. మా తాతయ్య ఇలాగే నడిచేవాడనిపించింది" అన్నాడు. అది ఆయన నటించి చెప్పిన మాటలా లేదు. అయినా ఈ కథ తమ్ముడి దగ్గరనుంచి ఏ ఆఫీసు గుమ్మంలోంచో జారి వచ్చిందో, నిజంగా ఈయన తాతయ్యదో, ఆమెకు ఆ ముఖంలో తెలియలేదు. మరొకసారి అడగబోయి ఊరుకుంది. ఎందుకు అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక్క కారణం ఆ గదిలో చెప్పగలిగేది కాదు. ఈ గదిలో చూసింది బయట చెప్పకూడనట్టే, బయట విన్న తమ్ముడి కథ ఇక్కడా చెప్పకూడదు.

ఆ సినిమా ముందు విడుదలవుతుందని, తమ్ముడిది తర్వాతని ఆమెకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. వాడు నిర్మాత కాళ్ళావేళ్ళా పడి ముందుకు జరిపించుకుంటాడు. లేదా ఆఖరి రీలు మార్చుకుంటాడు. చెప్పకపోతే వాడి బతుకంతా మోసిన కథను జనం ఎంగిలి కథ అంటారు. చెబితే తలుపు దగ్గర ఇచ్చిన మాట పోతుంది, దాంతోపాటు "అక్క ఉంటే నాకు బెంగ లేదు" అనే ఇంజనీరు ఉద్యోగమూ పోతుంది. ఆమె కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే భర్త, "ఉప్పు ఎక్కువైందా?" అని అడిగాడు. "లేదు" అని అరిచి చెప్పింది.

ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చాడు. ఎడిటింగ్ అయిపోయిందన్నాడు. మనిషి చిక్కిపోయాడు గానీ ముఖం వెలుగుతోంది.

"ఒరేయ్, ఒకటి అడగనా? ఆ ముసలాయన తలుపు కొడితే ఏమవుతుందిరా?"

వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎవరు కొడితే?"

"మీ సినిమాలో. ఆఖర్న. కొడతాడు, కూతురు తీస్తుంది. జనానికీ కాస్త ఊరటగా ఉంటుంది కదా."

"అక్కా, నువ్వేనా ఈ మాట అంటోంది?" వాడు నవ్వాడు. "నిర్మాత అన్నాడు, హీరో అన్నాడు, ఆఖరికి క్యాంటీన్ వాడు కూడా అన్నాడు. నువ్వొక్కదానివే మిగిలావనుకున్నా."

"ఊరికే అన్నాను."

"నాన్న కొట్టాడా మన తలుపు?"

"కొట్టలేదు."

"మరి? కొట్టని తలుపు నేను కొట్టిస్తే అది నాన్న సినిమా ఎలా అవుతుంది? హీరో గారి సినిమా అవుతుంది." వాడు పెరుగు కలుపుకుంటూ, "ఏం బావా, నువ్వేమంటావ్?" అని గట్టిగా అడిగాడు.

"తలుపుకి నూనె వెయ్యాలి, నిజమే" అన్నాడు బావ. వాడు పొలమారేలా నవ్వాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు వాడి ముందుకు జరిపింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట నీళ్ళతో పాటు అక్కడే పెట్టేసింది.

వాడి సినిమా ఎఫెక్ట్స్ మరో చిన్న థియేటర్లో జరిగాయి. ఆఖరి రీలు వచ్చేసరికి వాడు అద్దం వెనకనుంచి లేచి లోపలికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "అక్కా, దీనికి నాన్న నడక కావాలి. అంతే. ఇంకేం చెప్పను."

ఆమె కావాలనే రెండుమూడు రకాలుగా నడిచింది. మడమ బరువు మార్చింది, చెప్పులు మార్చింది. వాడు ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదక్కా. నీకు తెలీదా?" తెలుసు. చివరికి ఆమె ఆ నడకే నడిచింది. హాల్లో కూర్చున్నవాడు ముఖాలు చూస్తాడు, మాటలు వింటాడు, కాళ్ళ చప్పుడు ఎవడు పట్టించుకుంటాడని మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ నడకను పోల్చగలిగిన మనిషి లోకంలో ఇంకొక్కడే ఉన్నాడనీ, వాడు పక్కనే నిలబడి ఉన్నాడనీ తెలిసి కూడా అలా అనుకుంది.

లారీ డ్రైవరు సినిమా శుక్రవారం విడుదలైంది. పోస్టర్ల మీద ముసలాయన వీపు, మూసిన తలుపు. తమ్ముడు పొద్దుటి ఆటకు వెళ్ళాడు. ఆట విడిచిన కాసేపటికి అక్క ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు. బావ కిటికీ దగ్గర కూర్చుని గడియారానికి కీ ఇస్తున్నాడు.

"ఆ రీలు నువ్వు చూశావు కదా" అన్నాడు వాడు.

"చూశాను."

"ఎప్పుడు?"

"నీ దానికి ముందే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు కనక."

"నాక్కూడానా?"

"నీకు చెప్పొద్దని విడిగా ఎవరూ అనలేదురా. ఎవరికీ చెప్పొద్దన్నదాంట్లో నువ్వూ ఉన్నావు."

వాడు తల ఊపాడు. కోపం వస్తే వాడికి గొంతు తగ్గిపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. "తలుపు కొట్టించమన్నావే, అప్పుడైనా అర్థం కావలసింది. వెధవని, నవ్వేశాను." వాడు గోడకు ఆనుకున్నాడు. "కథ సంగతి వదిలెయ్. నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను. లేదూ, వాళ్ళకే తట్టిందేమో. ఎంతమంది నాన్నలు ఎన్ని గుమ్మాల దగ్గర ఆగారో మనకేం తెలుసు? హాల్లో అక్కడిదాకా ఓర్చుకున్నాను. ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు చూడు... కళ్ళు మూసుకున్నానక్కా. మన వంటిల్లు వచ్చేసింది. ఆ నడక ఎలా ఇచ్చావు వాళ్ళకి?"

"ఇస్తున్నానని తెలిసేసరికి ఇచ్చేశాన్రా."

"వెనక్కి అడగాల్సింది."

"అడిగాను. ఇంకో టేక్ చేస్తానన్నాను. వద్దన్నారు."

"నాకు ఆయన ఫోటో లేదు. గొంతు తెలీదు. ఉన్నది అదొక్కటే." వాడి గొంతు ఇంకా తగ్గింది. "అది కూడా నీ దగ్గరే దాచుకున్నాను."

వాడు వెళ్ళిపోయాక భర్త గడియారం పక్కన పెట్టి, "ఏమంటాడు? ఎందుకలా వెళ్ళిపోయాడు?" అన్నాడు.

"నాన్న నడక వేరేవాళ్ళకి ఇచ్చేశానన్నాడు."

"ఏంటి?"

"నాన్న నడక! వేరేవాళ్ళకి! ఇచ్చేశానన్నాడు!"

ఆ అరుపుకు పక్కింటి కిటికీ రెక్క తెరుచుకుంది. భర్త లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

తర్వాత వాడు రాలేదు, ఫోను తియ్యలేదు. వాడి సినిమా విడుదలైన రోజున ఆమె ఒక్కతే మధ్యాహ్నం ఆటకు వెళ్ళింది. హాల్లో మనుషులు అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్నారు. రంపపు మిల్లు మోత బాగా కుదిరింది. అది చెక్కపలక మీద రేకుముక్క గీసి ఆమె చేసిందే. పొట్టులో పాదాల చప్పుడూ ఆమెదే. వింటూ వింటూ ఆఖరి రీలుకు వచ్చేసరికి ఆమె చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుంది.

ముసలాయన మెట్లెక్కాడు. ఆ అడుగులు ఆమెవి కావు.

మొదటి అడుగుకే తెలిసింది. బొమ్మలో కాలు ఆనిన తర్వాత, ఒక రెప్పపాటు వెనక చప్పుడు పడింది. రెండోదీ అంతే. పనితెలిసినవాళ్ళెవరూ అలా వదలరు. రెండు కాళ్ళూ ఒకేలా, కాస్త బరువుగా, నేలను నమ్మనట్టు పడుతున్నాయి. కుంటు లేదు, ఈడుపు లేదు. తెరమీద మనిషి కుంటుతున్నా చప్పుడు కుంటలేదు. ఆ కాళ్ళు ఎవరివో ఆమెకు తెలుసు. వాడికి నడక నేర్పేటప్పుడు వేలు పట్టుకున్నది ఆమే. గుమ్మం ముందు అడుగులు ఆగాయి. తిరిగేటప్పుడు తడబడ్డాయి. హాల్లో ఎవరూ కదల్లేదు, ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆమె మాత్రం ఒక్కొక్క తప్పునూ విన్నది. ఒక్కటీ దిద్దాలనిపించలేదు.

బయటికి వస్తుంటే ముందు నడుస్తున్న ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఆ లారీ సినిమానే కదరా ఇది?"

"అదే. లారీ తీసేసి రంపం పెట్టాడు."

తమ్ముడు వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ మాటలు వాడికీ వినపడ్డాయి. ఆ ఇద్దరూ వాణ్ణి దాటి వెళ్ళిపోయారు. వాడెవరో వాళ్ళకు తెలియదు. వాడు అక్కను చూసి చూపు తిప్పుకోలేదు, అదొక్కటే ఆమెకు ధైర్యం. దగ్గరికి వెళ్ళింది.

"అడుగు వెనకబడింది" అంది. వేరే ఏం అనాలో తెలియక తనకు తెలిసిన మాటే అంది.

"తెలుసు. సౌండువాళ్ళు సరిచేస్తామన్నారు. వద్దన్నాను."

"ఎందుకురా?"

"ఎంత ప్రయత్నించినా నాకు ఆ నడక రాలేదక్కా. నువ్వు నడిచి చూపిస్తే చూశాను, అంతే. నా కాళ్ళకు ఎక్కడనుంచి వస్తుంది? వచ్చింది నాదే. సరే, అదే పెట్టాను."

ఆమె తల ఊపింది. వాడి బూట్ల వైపు చూసింది. "ఇంటికి రా. బావ రోజూ అడుగుతున్నాడు."

"వస్తాను. ఇప్పుడు కాదు." వాడు గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. "నీమీద కోపం తగ్గాక వస్తాను. తగ్గలేదింకా."

"సరే."

తర్వాతి ఆటకు గంట మోగింది. వాడు ప్రతి ఆటా కూర్చుంటున్నాడని గేటు మనిషి నవ్వే నవ్వులో తెలిసింది. వాడు లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె కొంచెంసేపు వరండాలో నిలబడి, టికెట్ల కిటికీ దగ్గరికి నడిచింది.

"ఇప్పుడే కదమ్మా చూసి వచ్చారు?" అన్నాడు కిటికీలో అతను.

"మళ్ళీ చూస్తాను."

"ఎక్కడ ఇమ్మంటారు?"

"ఎక్కడైనా ఫర్వాలేదు."

"అయితే మీ ఇష్టం వచ్చిన చోట కూర్చోండమ్మా. అంతా ఖాళీయే."